కుంకుడు, చౌడు, సున్నము: రాష్ట్రేతర తెలుగువారి గృహశుద్ధి చరిత్ర

రాజుల యుద్ధములను గూర్చియు, దేవాలయ శాసనములను గూర్చియు, కవుల కావ్యములను గూర్చియు వ్రాయబడినంతగా ఇల్లాలి చీపురును గూర్చియు, చాకలి బానను గూర్చియు చరిత్ర వ్రాయబడలేదు. కాని ఒక జాతి పుట్టిన నేలను విడిచి పరప్రాంతమున స్థిరపడినప్పుడు తనతో కొనిపోయినదేమి, విడిచిపెట్టినదేమి, క్రొత్తగా గ్రహించినదేమి అని విచారింపదలచినవారికి ఇంటి వాకిలిని మించిన సాక్ష్యము అరుదు. గ్రంథములు చెదలపాలగును, శాసనములు శిథిలమగును, ప్రతి ఉదయమును జరుగు పని మాత్రము తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి మాటతో సహా సంక్రమించుచుండును.

రాష్ట్రేతర తెలుగువారు రెండు విధములవారు. ఊరు విడిచి వెళ్లినవారు కొందరు. ఊరనే యుండగా సరిహద్దు మారినవారు కొందరు. విజయనగర కాలమునను, 1529 ప్రాంతమున మధురలోను, 1532 ప్రాంతమున తంజావూరులోను నాయకరాజ్యములు నెలకొన్న పిమ్మటను దక్షిణమునకు తరలిన కుటుంబములు మొదటి తెగకు చెందినవి. మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి షోలాపురము చేరిన పద్మశాలీలు, కూలిపనులకై బొంబాయి చేరి కామాఠీపురకు తమ పేరిచ్చిన కామాఠీలు ఆ కోవలోనివారే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు అందు చేరిన బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములవారును, 1953లో మైసూరు రాష్ట్రమున కలిసిన బళ్లారివారును, 1954 వరకు ఫ్రెంచివారి పాలనమున నుండిన యానాము ప్రజలును రెండవ తెగవారు. వీరందరి వృత్తులు వేరు, ఆచారములు వేరు, చుట్టుపక్కల భాషలు వేరు. అయినను ఇల్లు శుభ్రపరచు విషయమున వీరి నడుమ ఒక సామాన్య సూత్రము కానవచ్చును: ఏ మురికికి ఏ వస్తువు తగునో తెలిసికొనుట, ఆ వస్తువును ఉన్న నేలనుండియే తెచ్చుకొనుట. ఈ సూత్రమే ఈ వ్యాసమునకు విషయము.

శాస్త్రమున గృహశుద్ధి

ఈ జ్ఞానము కేవలము వంటయింటి మూలన పుట్టినదని తలంపరాదు. మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము మొదలగు లోహములను క్షారముతోను, పులుపుతోను, నీటితోను తగినట్లు శుద్ధిచేయవలెనని అందు చెప్పబడినది. పట్టునకును ఉన్నికిని చౌటిమన్ను, మేకబొచ్చు కంబళ్లకు అరిష్టకము అనగా కుంకుడుకాయ, నారవస్త్రములకు తెల్లావాలు విధింపబడినవి. భూమికి శుద్ధి ఐదు విధములు: ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, గీకివేయుట, ఆవులను కట్టివేయుట. ఏ పదార్థమునకు ఏ శోధకము అను వివేకము ఇచ్చట స్పష్టముగా నున్నది.

యాజ్ఞవల్క్యస్మృతియు ఈ విషయమును చర్చించెను. ఆ స్మృతికి మితాక్షర యను ప్రసిద్ధ వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు నేటి కర్ణాటకమందలి కల్యాణమున, చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానమున రచించెను. 13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడగు కేతన విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెలుగున పద్యములుగా వెలయించెను. కన్నడదేశమున వెలసిన ధర్మశాస్త్రవ్యాఖ్య తెలుగువారికి తెలుగు పద్యమై వచ్చుట గమనింపదగిన విషయము. ఆచారములకు రాజ్యముల సరిహద్దులు అడ్డుగోడలు కాలేదు.

క్రియలే సాక్ష్యములు

తెలుగున శుభ్రపరచుటను సూచించు క్రియలను పరిశీలించిన ఈ వివేకము మరింత తేటపడును. నేలను ఊడ్తురు, వాకిలిని చిమ్ముదురు, మట్టినేలను అలుకుదురు, బండలను తుడుతురు, కాళ్లు కడుగుదురు, అంట్లు తోముదురు, బట్టలను ఉతికి, జాడించి, పిండుదురు, బూజు దులుపుదురు, గోడకు వెల్లవేయుదురు. ఒకదాని స్థానమున మరియొకటి చెల్లదు. నేలను తోమితిననిగాని, గిన్నెను అలికితిననిగాని పలికినవారిని పసిబిడ్డలు సైతము నవ్వుదురు. ప్రతి క్రియ వెనుకను ఒక వస్తువు, ఒక చేతికదలిక, ఒక సాధనము ఇమిడియున్నవి. తోముటకు బూడిదయు పీచును. అలుకుటకు పేడయు అరచేయియు. ఉతుకుటకు చౌడును బండయు.

ఇరుగుపొరుగు భాషల ప్రభావమును ఈ మాటలు ఎదుర్కొన్న తీరు విచిత్రమైనది. తెలుగు కడుగుటయు, అరవ కళువుటయు ఏకమూలములు. తెలుగు తుడుచుటయు, అరవ తుడైయును అట్టివే. ఇట్టి చోట రెండుభాషల ఇండ్లలో మాట సులభముగా నిలుచును. రాయలసీమయందలి పొరకయు, కన్నడమందలి పొరకెయు ఒక్కటే కనుక కోలారు, బళ్లారి ప్రాంతములలో చీపురునకు పరాయిమాట అవసరము కాలేదు. పేడతో అలుకుటను మాత్రము అరవవారు మెళుగుదల్ అనియు, కన్నడిగులు సారిసువుదనియు, మహారాష్ట్రులు సారవణే అనియు, ఓఢ్రులు లిపిబా అనియు వ్యవహరింతురు. అలుకు అను మాట ఎచ్చట వినవచ్చునో అచ్చట తెలుగు ఇల్లాలున్నదని గ్రహింపవచ్చును.

అలుకు, కళ్లాపి, ముగ్గు

మట్టినేలకు శత్రువు ధూళి. ఎండిన మట్టి అడుగుల రాపిడికి రేగి ఇల్లంతయు నిండును. బీటలలో పురుగులు చేరును. ఆవుపేడలో జీర్ణముకాని గడ్డిపీచు మిక్కుటముగ నుండును. దానిని నీటిలో కలిపి, అవసరమైనచోట ఎర్రమట్టి చేర్చి, పలుచగా అలికినయెడల ఆ పీచు మట్టిని పట్టి యుంచి బీటలను పూడ్చును. కావున అలుకుట ఆచారమే కాక మట్టినేలకు ప్రతివారమును జరుగు మరమ్మతు కూడ. వాకిట చల్లు పేడనీటిని కోస్తాలో కళ్లాపి యనియు, తెలంగాణమున సానుపు అనియు నందురు. అది రోజుకొకమారు ధూళి నణచుటకే.

అలికిన నేలపై ముగ్గు పెట్టుట శుద్ధి ముగిసినదనుటకు గురుతు. తెలుగు ముగ్గు, అరవ కోలము, కన్నడ రంగవల్లి, మరాఠీ రాంగోళి పొడిపిండితో వ్రేళ్ల నడుమనుండి జారవిడిచి గీయబడునవి. ఒరిస్సాయందు ఝోటి, చిత అనబడునవి నానిన బియ్యపుపిండిని నీట కలిపి వ్రేళ్లతో గీయబడునవి. ఒకటి పొడి, రెండవది తడి. చుక్కల లెక్క ఒకచోట ముఖ్యము, లతల వంపు మరియొకచోట ముఖ్యము. బరంపురపు వీధులలో ఈ రెండు పద్ధతులును ప్రక్కప్రక్కనే వర్ధిల్లుటకు అవకాశము కలిగినది. బొంబాయి చాళ్లలో ముంగిలి లేదు గనుక అలుకుటకు నేల లేదు. అట్టి యిండ్లలో ముగ్గు గడపమేరకు కుదించుకొనెను.

సున్నము

గోడకు సున్నము ఆహారమువంటిది. సున్నపురాయినిగాని, గుల్లలనుగాని బట్టీలో కాల్చిన గాలిలోనికి బొగ్గుపులుసు వాయువు విడివడి కాల్పుసున్నము మిగులును. దానిపై నీరుపోసినప్పుడు బుసబుస పొంగి, ఆవిరులెగసి, తడిసున్నమగును. గోడపై పూసిన పిమ్మట అది గాలినుండి ఆ వాయువునే తిరిగి గ్రహించి మరల రాయివలె గట్టిపడును. తడిసున్నము తీవ్రమగు క్షారము గావున బూజునకును, క్రిములకును అందు మనుగడ కష్టము. సంక్రాంతికి ముందు ఇల్లంతయు వెల్లవేయుట అందముకొరకే కాదు. వానకాలపు చెమ్మతో పట్టిన బూజును చలికాలమున పోగొట్టు ఉపాయము.

ఇచ్చటను నేలనుబట్టియే వస్తువు. గోదావరి సముద్రమున కలియు తావునకు చేరువనున్న యానాము వంటి తీరప్రాంతములకు రాతిసున్నముకంటె గుల్లసున్నమే దగ్గరి వస్తువు. చెన్నపట్టణపు పూత దేశవిదేశములలో పేరుగాంచుటకు గుల్లసున్నమే మూలము. మేలైన పూతలో బెల్లపునీరు, కరక్కాయ కషాయము, కోడిగ్రుడ్ల తెల్లసొన మొదలగునవి చేర్చి, నునుపురాళ్లతో పాలరాయివలె మెరయువరకు మెరుగుపెట్టెడివారు. సామాన్యులకు అంత వ్యయము సాధ్యము కాదు. వారికి సున్నపు వెల్లయు, అడుగుభాగమున ఎర్రమన్నుతో తీర్చిన పట్టెయు చాలెను.

కొంగుదేశమునను, కరిసల్ అనబడు నల్లరేగడి సీమలోను భోగినాడు ఇంటి చూరునకు వేపరెమ్మలు, ఆవారంపూలు, పూళైపూలు కలిపి కాప్పు కట్టుదురు. ఆవారము తెలుగువారి తంగేడే. పూళై తెలుగువారి పిండికూరయే. పేర్లు మారినను మొక్కలు పరిచితములే. తంగేడును బతుకమ్మలో నిలుపు తెలంగాణపు ఇల్లాలికిని, చూరున చెక్కు కోయంబత్తూరు ఇల్లాలికిని ఆ పూవు ఇంటికి మేలుచేయునను నమ్మకము సమానము.

కుంకుడును సీకాయయు

తెలుగువారి కుంకుడును కన్నడిగులు అంటువాళయనియు, అరవవారు పూందిక్కొట్టై యనియు, మహారాష్ట్రులును ఓఢ్రులును రీఠా యనియు పిలుతురు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున కుంకుడు చోటుచేసికొన్నది. కాయ పైతొక్కులో నుండు నురుగునిచ్చు పదార్థములకు సపోనినులని రసాయనశాస్త్రజ్ఞులు పేరిడిరి. ఇవి జిడ్డును నీటిలో విడదీసి కడిగివేయును. కాని చాకలి చౌడువలె తీవ్రక్షారములు కావు. అందువలననే పట్టుచీరలకును, ఉన్నిశాలువలకును, కంసాలి మెరుగుపెట్టు నగలకును కుంకుడే శ్రేష్ఠముగా నెంచబడెను. పట్టుదారము క్షారమునకు చెడును, కుంకుడునకు చెడదు. స్మృతికారులు ఉన్నికంబళ్లకు అరిష్టకమును విధించుటలోని యుక్తి ఇచ్చట బోధపడును.

సీకాయ ప్రధానముగ తలకు వాడబడును. అరవదేశమున సీయక్కాయ్, కన్నడమున సీగేకాయి అగుటవలన ఈ మాట మూడు భాషలవారికిని ఉమ్మడి సొత్తు. రసము తీసిన పిదప మిగిలిన పిప్పితో గిన్నెలు తోముట, జిడ్డుబండలు రుద్దుట పొదుపరియగు ఇల్లాలి నేర్పు. కుంకుడు రసము కంటబడిన మంట తెలియని తెలుగుబిడ్డ ఒకప్పుడు లేడు. ప్రకృతిసిద్ధమైనదెల్ల మృదువైనది కాదనుటకు అదియే తొలిపాఠము.

చౌడును చాకలి బానయు

వానకు కరగి, ఎండకు పైకితేలి, తెల్లని పొరగా పేరుకొను మన్ను చౌడు. పంటకు శత్రువైన ఈ నేల బట్టకు మిత్రమయ్యెను. ఇందు సోడాక్షారము ముఖ్యముగ నుండును. చాకలివారు బట్టలను చౌటినీట ముంచి, బానపై పేర్చి, క్రింద మంటపెట్టి ఆవిరిపట్టించుటను ఉబ్బ వేయుట యందురు. అరవవారు దీనినే వెళ్లావి యందురు. ఆవిరి క్షారమును నూలుపోగులలోనికి కొనిపోయి మురికిని వదలించును. తరువాత రేవున బండపై ఉతికి, ఇసుకతిన్నెలపై ఎండవేయుదురు. మచిలీపట్టణము, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు సైతము బట్టను పేడనీట నానవేసి, ఎండలో పరచి, నీరు చల్లుచు తెల్లపరచెడివారు. ఎండయే ఇచ్చట ముఖ్యమైన విరంజకము.

కర్ణాటకమున చౌటినేల విస్తారము. 1800–1801లో మైసూరు దేశమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానను చాకలివారి చౌటిమన్నును తన యాత్రాగ్రంథమున వర్ణించెను. చిత్రదుర్గ మండలమందలి మత్తోడున అట్టి క్షారముతోనే గాజును కరగించి ముంజేతి గాజులు చేసెడివారు. ఒకే మన్ను బట్టను తెల్లపరచెను, ముత్తైదువ చేతికి అలంకారమునిచ్చెను.

చాకలివృత్తిని స్మరించునప్పుడు మడివాలు మాచయ్యను మరువరాదు. 12వ శతాబ్దిలో కల్యాణమున శివభక్తుల వస్త్రములుతికిన ఈ మహనీయుని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగు ద్విపదగా కీర్తించెను. కన్నడ, తెలుగు దేశములు రెండును ఒక చాకలిని భక్తశ్రేష్ఠునిగ కొలిచినవి. అయినను ఆ వృత్తివారి జీవితమున గౌరవము అంతగా దక్కలేదు. నిజాము పాలనలోని తెలంగాణమున దొరల బట్టలను కూలిలేక ఉతుకు వెట్టి చాకిరి వారిపై మోపబడెను. ప్రాతపద్ధతులను కొనియాడువారు ఆ తెల్లబట్ట వెనుకనున్న వాచిన చేతులను గూడ తలంపవలెను.

తోముట

లోహపాత్రల విషయమున తెలుగు ఇల్లాలు శాస్త్రము చెప్పిన మూడింటినే పాటించెను. కట్టెబూడిద క్షారము, చింతపండు, నిమ్మచెక్క పులుపు, తక్కినది నీరు. జిడ్డు అంటిన గిన్నెకు బూడిద తగును. బూడిదలోని పొటాషుక్షారము నూనెను కొంత సబ్బుగా మార్చును. దాని నలుసు రాపిడినిచ్చును. చిలుముపట్టిన రాగి, ఇత్తడి చెంబులకు చింతపండు తగును. అందలి ఆమ్లము చిలుమును కరగించి లోహపు మెరుగును బయల్పరచును. బూడిదతో చిలుము వదలదు, చింతపండుతో జిడ్డు వదలదు. ఈ తారతమ్యము తెలియని పనివానికి శ్రమ రెట్టింపగును. పులుపు లోహమును సైతము కరగించును గనుకనే ఇత్తడి గిన్నెలలో పులుసు కాచుటకు ముందు నవాసారముతో శుద్ధిచేసి తగరపు కళాయి పోయించెడివారు.

మార్పు వచ్చిన తీరు

ఈ పద్ధతులు అజ్ఞానమువలన పోయినవి కావు. ఇల్లు మారుటవలన పోయినవి. 1888లో ఇంగ్లండునుండి సన్‌లైటు సబ్బు కలకత్తా రేవునకు దిగెను. 1916లో మైసూరు ప్రభుత్వము బెంగుళూరున గంధపు తైలమును, పిమ్మట సబ్బులను తయారుచేయు యత్నములకు పూనుకొనెను. 1939లో మీఠాపురమున టాటావారి రసాయన పరిశ్రమ స్థాపితమై, సోడా దేశమున విరివిగ దొరకుటకు దారి ఏర్పడెను. సంచులలో సోడా దొరకినప్పుడు చౌటిదిబ్బల వెంట తిరుగుట ఎవరికి కావలెను? సిమెంటు గచ్చులు వచ్చెను, అలుకు పోయెను. గ్యాసు పొయ్యిలు వచ్చెను, బూడిద పోయెను. ఉక్కుగిన్నెలు వచ్చెను, చింతపండు పని తగ్గెను. 1959లో సర్ఫు, 1969లో నిర్మా బయలువెడలి, బట్టల పొడిని క్రమముగ సామాన్యుల యిండ్లకు చేర్చినవి. స్త్రీల వెన్నునొప్పి కొంత తగ్గినదనుట సత్యము. దానిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు.

కాని నురుగునకు గట్టు లేదు. చౌటినీరు రేవునకు పరిమితమై, కుంకుడు రసము నేలలో చివికిపోవుచుండెను. మహానగరముల మురుగునీరు శుద్ధిపొందకుండ చెరువులలో కలిసినప్పుడు అందలి డిటర్జెంటుల నురుగు పేరుకొనును. 2015లో బెంగుళూరు బెళ్లందూరు చెరువున తెల్లని నురుగు గుట్టలుగా లేచి వీధుల కెగసెను. చెరువునీటిపై నిప్పును రేగెను. తరతరములుగ తెలుగువారు నివసించు నగరమున జరిగిన ఈ విపరీతము ఇంటి తొట్టికిని ఊరి చెరువునకును గల సంబంధమును అందరికిని ఎరుకపరచెను.

గుణదోష విచారము

ఇట్లని ప్రాతదంతయు నిర్దోషమనుట పొరపాటు. కాల్పుసున్నము చర్మమును కాల్చును, కంటిని పోగొట్టును. చౌటికి సున్నము చేర్చినయెడల కాస్టిక్‌సోడా యను తీవ్రక్షారము పుట్టును. ఇది పల్లె రేవున పుట్టినను కర్మాగారమున పుట్టినను ఒక్కటే. పేడ మట్టినేలను కాపాడునేగాని రోగక్రిములను చంపు మందు కాదు; పసికందు బొడ్డునకు పేడ పూయుటవలన ధనుర్వాతము సంభవించి ఎందరో శిశువులు మరణించిరి. మరియొకవైపు, నేటి యిండ్లలో బ్లీచింగుపొడిని స్నానపుగది యాసిడుతో కలిపి విషవాయువగు క్లోరినును పుట్టించుకొనువారును కలరు. రెండుచోట్లను లోపించినది ఒక్కటే: ఏ వస్తువు స్వభావమేమి, దేనితో దానిని చేర్పరాదు అను ఎరుక. ప్రాతకాలపు ఇల్లాలికి ఆ ఎరుక మాటలలో, చేతలలో ఉండెను. సీసాపై ముద్రించిన చీటీని చదువనివారికి అది నేడు లేదు.

శుచియను మాటను మనుష్యులను వెలివేయుటకు వాడుట మరియొక దోషము. దీనికి ఒరిస్సాదేశమున ఉత్తమమైన సమాధానము వెలువడెను. బలరామదాసు రచించిన లక్ష్మీపురాణమున మహాలక్ష్మి మార్గశిర గురువారమున నగరసంచారము చేయుచు, అలికి ముగ్గులు తీర్చిన శ్రియ యను చండాలాంగన యింట అడుగిడును. అందుకై జగన్నాథ బలభద్రులు ఆమెను మందిరమునుండి వెడలగొట్టి, తామే అన్నమునకు అలమటించి, తుదకు తప్పు నొప్పుకొందురు. ఇంటి శుభ్రతయే లక్ష్మికి ప్రమాణము, కులము కాదనుట దీని తాత్పర్యము. ఓఢ్రుల యిండ్లలో మార్గశిర గురువారములందు నేటికిని పఠింపబడు ఈ కథను గంజాము తెలుగువారు ప్రక్కయింటనే వినగల్గుట వారి భాగ్యము.

కర్తవ్యము

కుంకుడు, సీకాయ, నిమ్మ, చింతపండు, సున్నము నేటికిని అంగళ్లలో దొరకుచున్నవి. పట్టునకు కుంకుడు, ఇత్తడికి చింతపండు, చెమ్మగోడకు సున్నము నేటికిని తగిన వస్తువులే. వీనిని వాడుటకు పూర్వాచారాభిమానము అవసరము లేదు. వస్తుస్వభావము నెరిగిన చాలును. కాని వస్తువులకంటె త్వరగా నశించుచున్నవి మాటలు. ఉబ్బ, చౌడు, కళ్లాపి, వెల్ల, తోముట, జాడించుట అనునవి పరభాషామధ్యమున పెరుగు పిల్లల నోట క్రమముగ మాయమగుచున్నవి. బడిలో తెలుగు లేనిచోట ఇంటి పనియే తెలుగునకు తుది బడి. ఆ పనియు యంత్రమునకు ఒప్పగింపబడినపుడు మాటకు నిలువ నీడ యుండదు.

కోవిల్‌పట్టి సమీపమున ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగు వంశీయుడు. పూర్వులు తెలుగునాటనుండి తరలివచ్చిన గాథను 1976లో గోపల్లగ్రామమను తమిళ నవలగ వెలయించెను. కరిసల్ సీమలోని పల్లెపదములను కూర్చి తమిళమున నిఘంటువును సిద్ధపరచెను. 2021లో ఆయన గతించెను. తమిళపు పల్లెమాటలకు ఒక తెలుగు బిడ్డ చేసిన సేవను ఆ సీమలోని తెలుగు మాటలకు ఎవరు చేయుదురు అనునది తెలుగు సంఘములన్నియు తమకు తాము వేసికొనవలసిన ప్రశ్న. కోలారున, కోయంబత్తూరున, బరంపురమున, షోలాపురమున, యానామున ముసలి ఇల్లాండ్రు ఇంకను ఉన్నారు. ఏ మురికికి ఏ వస్తువు వాడెడివారో, దానిని ఏ పేర పిలిచెడివారో వారి నోటనే విని, ఊరిపేరుతో సహా వ్రాసియుంచుట నేడు సాధ్యము. ఇందులకు ధనము అవసరము లేదు. ఒక పుస్తకము, ఒక కలము, వారి ముంగిట కూర్చుండు ఓపిక చాలును.